కాకి తన్నిన రచయిత్రి

నేను చచ్చిపోయానన్న వార్త నల్లగొండలో మా వాకిట్లో కూర్చుని, మిరపకాయల తొడిమలు తీస్తూ చదివాను. వారపత్రికలో అరపేజీ పొగడ్త. "హృదయంతో రాసిన మహారచయిత్రి ఉప్పలమ్మ ఇక లేరు. ఆమె చివరి నవల 'సైదమ్మ మంద' వచ్చే వారం నుంచి."

ఒళ్లు మండిపోయింది. సైదమ్మ మా అమ్మ. తిరుమలగిరిలో గొర్రెలు కాసి నన్ను చదివించింది. తనకు అక్షరం ముక్క రాదు. తన కథ అచ్చయితే ఎవరితోనైనా చదివించుకుని వినాలని ఆమె ఆశ. అంతకు ముందు నా నవలలు వేసి జనాన్ని ఏడిపించిన సంపాదకుడు రఘుపతి, అమ్మ మీద రాసిన ఈ నవలను మాత్రం పక్కన పడేశాడు. "గొర్రెల వాసన మా పాఠకులకు పడదు, వచ్చి తీసుకుపోండి" అని కార్డు రాశాడు.

ఇంతకీ నన్ను చంపింది కాకి. ఆ వార్త రావడానికి నాలుగు రోజుల ముందు, మిరపకాయలు ఎండబోస్తుంటే వచ్చి నెత్తిన తన్నింది. మా అత్త గుర్వమ్మ గుండెలు బాదుకుంది.

"కాకి తన్నితే అరిష్టమే! సచ్చిందని సుట్టాలకు కబురు పెట్టుండ్రి. వాళ్లేడిస్తె దోషం పోతది."

మా మరిది మల్లన్న హైదరాబాదులో ఉన్న మా ఆడబిడ్డకు తంతి కొట్టాడు. మర్నాడు నిజం చెబుతూ ఇంకో తంతి కొడతారు, అందరూ నవ్వుకుంటారు. అది మామూలే. కానీ ఆడబిడ్డ మొగుడు ఆ పత్రికలోనే ప్రూఫులు దిద్దుతాడు. వెళ్లి ఆఫీసులో భోరుమన్నాడు. రెండో తంతి అందేసరికి పత్రిక అచ్చయిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆయన ఆ సంగతి ఆఫీసులో చెప్పనేలేదు.

బస్సెక్కి నేరుగా ఆఫీసుకు పోయాను. నన్ను చూసి రఘుపతి కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, మీరు బతికే ఉన్నారా?" ఆ గొంతులో సంతోషం కంటే ఇబ్బందే ఎక్కువుంది.

"ఉన్న. నేను సచ్చినంక గొర్ల వాసన ఎట్ల పోయింది సారూ?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "చివరి నవల అని ప్రకటించేశాం. పాఠకులు ఎదురు చూస్తున్నారు. అది పూర్తయ్యేదాకా మీరు ఎవరి కంటా పడకండి. తర్వాత సవరణ వేస్తాం."

"పడితే?"

"ఆపేయాల్సి వస్తుంది. బతికున్నవాళ్లు రాసిన గొర్రెల కథ ఎవరు చదువుతారమ్మా?"

ఊ అంటే చాలు, అమ్మ కథ అచ్చవుతుంది. ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది కూడా. కానీ అమ్మకు ఆ పత్రిక చదివి వినిపించేవాళ్లు ముందు నా చావు వినిపిస్తారు. ఇతనికి పాఠకుల ఏడుపు కావాలి, అమ్మ ఏడుపు పట్టదు. బల్ల మీదున్న నా నవల కాగితాల కట్ట లాక్కుని, ఛీ అని బయటికొచ్చేశాను.

తిరుగుదారిలో నార్కట్‌పల్లిలో బస్సు మారాలి. అక్కడ చాయ్ హోటల్ నడిపే పర్వతాలు అదే పత్రిక చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"పాపం, గీమె మస్తు మంచిగ రాసేదక్కా. ఆఖరి నవల వచ్చే వారం వస్తదంట" అన్నాడు.

"రాదు."

"ఎందుకు రాదు?"

"రాసినామె బతికే ఉంది."

పర్వతాలు కళ్లెర్రజేశాడు. "గదేం మాట? బతికుంటె ఎయ్యరా?"

రోజంతా నేను పడ్డ కోపం ఇంకొకరి నోట వినేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడే బల్ల మీద కూర్చుని కట్ట విప్పాను.

"ఇను" అన్నాను. "గిది మా అమ్మ కథ."