నాకిటో విన్న చప్పుడు

న్టిండా కొండ మీద ఆరంతస్తుల భవనం కడుతున్నప్పుడు దాని కిందే నా పొయ్యి ఉండేది. పొద్దున అరటికాయల కటోగో, మధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద, చిక్కుడు గింజలు. పనివాళ్లందరికీ నేను జాజాను, అమ్మమ్మను. కాంక్రీటు పోసే రోజున నాకు మరో పని కూడా ఉండేది. మడతల ఇనుప చేయి చాచి కాంక్రీటును పై అంతస్తుకు పంపే బూమ్ పంపు ఉంటుంది. దాన్ని నడిపే లుబేగా తన ఫోను నా దగ్గర పెట్టి వెళ్లేవాడు. అంతకు రెండేళ్ల ముందు వేరే చోట ఒకతను ఫోను మాట్లాడుతూ మీట కదిపితే, గొట్టం విసురుగా ఊగి ఇద్దరిని పడగొట్టింది. అప్పటినుంచి పోత మొదలైతే ఫోను వంటామె దగ్గరే ఉండాలని వాళ్లలో వాళ్లే కట్టుబాటు చేసుకున్నారు.

ఆ మంగళవారం లుబేగా ఫోను నా చేతిలో పెట్టి కూడా వెంటనే వదల్లేదు.

"నాకిటో చేస్తే మాత్రం చెప్పు జాజా. ఇంకెవరు చేసినా నేను చచ్చానని చెప్పు."

"చచ్చినోడికి కటోగో ఎవరు పెడతారు? ముందు తిను."

నాకిటో అతని భార్య. ఒళ్లంతా నీరు పట్టి తొమ్మిది రోజులుగా మసాకా ఆసుపత్రిలో ఉంది. పంపు నడిపే రెండో మనిషి మలేరియాతో పడుకున్నాడు. అందుకని ఈ శ్లాబు పోసేసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లి ఆమెను చూడాలని లుబేగా ఆత్రం.

పైన గొట్టం పట్టే ఒపొలోట్ అతని పక్కనే తింటున్నాడు. "బస్సు తొందరంతా నా మీద చూపించకురోయ్. నేనుండేది ఆరో అంతస్తు అంచున. నాకు రెక్కల్లేవు."

"రెక్కలెందుకు? ఆ పొట్ట చాలదా నిన్ను నేలకు పట్టుంచడానికి?"

"అది నేల మీదున్నప్పుడు కదా!"

నవ్వుకుంటూ లేచారు.

లుబేగా పని చూడముచ్చటగా ఉండేది. ముందు పల్చటి సిమెంటు పాలు పంపి గొట్టం లోపలంతా తడిపేవాడు. మీటల పెట్టె నడుముకు కట్టుకుని, బూమ్‌ను ఒక్కో మడతే విప్పేవాడు. ఒకటి నిలిచి, దాని ఊపు చల్లారాకే రెండోది. లారీలు ఒంపే తొట్టిలో కాంక్రీటు ఎప్పుడూ అడుగంటనిచ్చేవాడు కాదు. అడుగంటితే గాలి దూరుతుంది. ఆ గాలి పైకి వెళ్లి గొట్టాన్ని తన్నిస్తే, దాన్ని పట్టుకున్న మనిషి ఎగిరిపోతాడు. అతను నడుపుతుంటే పంపు చప్పుడు గుండె కొట్టుకున్నట్టు ఒకే తీరున ఉండేది.

ఆ శ్లాబుకు రావాల్సిన ఐదు కాంక్రీటు లారీల్లో రెండోది ఖాళీ అవుతుండగా ఫోను మోగింది. అక్షరాలు కూడబలుక్కున్నాను. నాకిటో.

"ఫోను చూసే జాజావేనా?" గొంతు చాలా సన్నగా ఉంది.

"అవును తల్లీ. పిలవనా?"

"పోస్తున్నాడా?"

"రెండో లారీ."

"ఒపొలోట్ ఎక్కడున్నాడు?"

తలెత్తి చూశాను. "అంచునే ఉన్నాడు."

"అయితే పిలవొద్దు. నా గొంతు వింటే ఆయన చెయ్యి వణుకుద్ది. అంతా అయ్యేదాకా చెప్పొద్దు. సాయంత్రం మాట్లాడతాలే." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ చప్పుడు కాస్త వినిపించు జాజా."

ఫోను పంపు వైపు ఎత్తి పట్టుకున్నాను. చెయ్యి లాగినప్పుడల్లా మార్చుకున్నాను. కొంతసేపటికి చెవి దగ్గర పెట్టుకుంటే ఆమె నవ్వుతోంది.

"ఎంత మెత్తగా నడుపుతున్నాడో చూడు. ఇంట్లో అయితే తలుపు తీస్తే చాలు, బిందె తన్నుకుంటాడు."

నవ్వు దగ్గులోకి దిగింది. "పెట్టెయ్యకు" అంది. నేను పెట్టలేదు.

మూడో లారీ అయిపోయింది. నాలుగోది రోడ్డు మీద ఇరుక్కుంది. గొట్టంలో కాంక్రీటు బిగుసుకోకుండా లుబేగా మధ్యమధ్య పంపుతో ఒక్కో దెబ్బ కొట్టిస్తూ నిలబడ్డాడు. పది నిమిషాల ఖాళీ. ఒపొలోట్ గొట్టం వదిలి దూరంగా కూర్చున్నాడు. అప్పుడు లుబేగా నా వైపు తిరిగి, చెవి మీద చెయ్యి పెట్టి అడిగాడు.

ఫోను నా పైబట్ట కింద ఉంది. ఆమె ఇంకా వింటోంది. పరిగెత్తి ఇచ్చేయొచ్చు. కానీ ఆమె వద్దంది. ఇంకా రెండు లారీలున్నాయి. సాయంత్రం మాట్లాడతానంది కదా.

లేదని తల ఊపాను.

నాలుగో లారీ సగంలో ఫోనులోంచి వేరే గొంతు వచ్చింది, ఆమె చెల్లెలిది. "ఎవరు? ఇంకా లైన్లోనే ఉన్నారా? అక్క పోయింది."

ఐదో లారీ అయ్యేదాకా నేను పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. చిక్కుడు గింజలు మాడి బొగ్గయ్యాయి. ఆకలితో వచ్చినవాళ్లు తిట్టారు.

లుబేగా బెల్టు విప్పుకుంటూ నవ్వు మొహంతో వచ్చాడు. చెప్పాను. ఆమె చప్పుడు విన్నదీ, పోయినదీ ఎలా చెప్పానో గుర్తు లేదు.

"ఎప్పుడు?"

"నాలుగో లారీలో."

"నేను చెవి మీద చెయ్యి పెట్టి అడిగాను."

"అడిగావు నాయనా."

"అప్పటికి ఉందా?"

"ఉంది."

ఒపొలోట్ వచ్చి "తొట్టి నేను కడుగుతా, నువ్వు పో" అని లుబేగా భుజం నెట్టాడు. అతను ఆ కాంక్రీటు బూట్లతోనే అద్దె బోడా బైకెక్కి వెళ్లిపోయాడు.

పన్నెండో రోజున తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. కంచం తీసుకుని ఎప్పటిలా లారీ నీడకు పోకుండా నా ఎదుట కూర్చున్నాడు.

"నా చప్పుడు దానికి వినిపించావు. దాని గొంతు నాకు వినిపించలేదు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "ఏమందో చెప్పు. ఒక్క ముక్క వదలకుండా."

చెప్పాను. బిందె మాట వచ్చినప్పుడు అతని పెదవి కదిలింది. "మళ్లీ చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను.

ఆ తర్వాత ప్రతి పోతకూ అదే. తినడానికి కూర్చోగానే అడుగుతాడు. మాట తప్పిపోతుందేమోనని ముందు రోజే లోలోపల వల్లించుకుంటాను. ఆమె అన్నది ఎంతని? నాలుగు ముక్కలు. అవి అయిపోగానే అతను ఇంకేదో ఉన్నట్టు నా నోటివైపే చూస్తాడు. ఆ చూపు నేను మోయలేను.

ఐదోసారి, దగ్గు వచ్చిందని చెప్పాక, నా నాలుక దానంతటదే కదిలింది. "'ఆయన్ని జాగ్రత్తగా ఉండమను' అంది."

లుబేగా తలెత్తాడు. "ఇది ముందు చెప్పలేదే."

"ముసలిదాన్ని నాయనా. మరిచిపోయాను."

కంచం కింద పెట్టి, మొదటిసారి నా ముందు ఏడ్చాడు.

నాకిటో ఆ మాట అనలేదు. ఇప్పుడు ప్రతిసారీ దాన్నీ కలిపే చెప్పాలి.