ఇరవైకి పడిన ప్లేట్లు

"అత్తమ్మా, ప్లేట్లెట్ల? నలభై ఉండాలె, ఇరవైకి పడిపోయినయ్!"

క్రిస్మస్ నాడు పొద్దున తొమ్మిదింటికి భూపాలపల్లి నుంచి చిన్నకోడలు సౌందర్య ఫోన్లో ఈ మాట అనేసరికి, గూడూరులో కొమురమ్మ చేతిలోని చాయ్ గ్లాసు కింద పడింది.

"ఇరవైకా బిడ్డా!"

"ఇరవైకే అత్తమ్మా. మీ దిక్కుకెల్లి ఎంతమంది వస్తరో జల్ది చెప్పున్రి. బావ వస్తడా? బావ వస్తే ఈయన పానం నిమ్మలమైతది. ప్రాణహితల ఏసీ రూము దొరికింది. ఒంటిగంట లోపల రావాలె, ఆలిశమైతే ఏం మిగలది. ఇగ పెట్టేస్తున్న, అందరం ప్రార్థనల ఉన్నం."

వెనక డప్పులు, పాటలు. ఆ తర్వాత ఫోను మూగబోయింది.

కోడలన్నది తిండి సంగతి. అత్తకు తోచింది గండం సంగతి. ముసలామెను తప్పు పట్టడానికి లేదు. ఆ ఏడు వానాకాలం డెంగీ జ్వరం వాళ్ళ వాడలో ఒక్క గడప వదలకుండా చుట్టపుచూపుగా వచ్చిపోయింది. ప్లేట్లెట్లను ప్లేట్లనే అంటూ, ఎవరికెన్నున్నాయో పత్తి ధర చెప్పినట్టు చెప్పుకొనేవారు. వేలు అని ఎవరూ అనరు. లక్ష అంటే బువ్వ తినొచ్చు, నలభై అంటే దవాఖాన, ఇరవై అంటే ఇక దేవుడే.

పెద్దకొడుకు ఐలేశ్ పెరట్లో మిరపతోటకు మందు కొట్టే పంపు కడుగుతున్నాడు. ఐలేశ్ మిరప రైతు మాత్రమే కాదు, ఒకరకంగా మిరపకాయే. పోయిన క్రిస్మస్ నుంచి తమ్ముడు జయపాల్‌తో అతనికి మాటల్లేవు. మతం పట్టింపు అనుకునేరు, అది కానే కాదు. భూపాలపల్లి బొగ్గుబావిలో ఎలక్ట్రీషియన్ అయిన జయపాల్, జనగామ అమ్మాయి సౌందర్యను చేసుకొని చర్చికి పోవడం మొదలుపెడితే, ఆ పెళ్ళి డప్పు ముందు అందరికన్నా ఎత్తుకు ఎగిరింది ఐలేశే. వాళ్ళ మధ్యకి మతం రాలేదు. రావలసిన మాట రాలేదు.

వాళ్ళింట్లో ఒక పద్ధతుంది. తోడబుట్టినవాణ్ణి తిండికి పిలవాలంటే మనిషి రావాలి, మంచం మీద కూర్చోవాలి, నీళ్ళు తాగి నోటితో పిలవాలి. జయపాల్ నిరుడు ఏం చేశాడు? క్రిస్మస్ చుక్క బొమ్మ మీద 'అందరూ భోజనానికి రాగలరు' అని రాసి వాట్సాప్ గ్రూపులో పడేశాడు.

"గ్రూపుల పిలుస్తడా? నేనేమన్న గుంపుల గోవిందయ్యనా?" అని ఐలేశ్ అప్పటికప్పుడే గ్రూపులోంచి లేచిపోయాడు. పిలుపు కాస్తా పులుపైంది.

ఈసారి పిలవడానికి జయపాల్‌కు ధైర్యం చాలలేదు. తల్లికి చెప్పి, అన్నను ఎట్లాగైనా తోలుకురమ్మన్నాడు. కొమురమ్మ మూడు రోజులుగా అడుగుతూనే ఉంది. ఐలేశ్ మూడు రోజులుగా ఒకటే మాట: "వాడు పిలిచిండా?" ఆమెకు తీపి వద్దు, మాంసం వద్దు. కొడుకులిద్దరూ ఒక్క పూట పక్కపక్కన కూర్చుని తింటే చాలు.

ఇప్పుడామె పెరట్లోకి పరుగెత్తింది. "కొడుకా, తమ్మికి ప్లేట్లు ఇరవైకి పడ్డయట! ప్రాణహితల ఏసీ రూముల ఉన్నడట! నువ్వొస్తే పానం నిమ్మలమైతదంటాంది పిల్ల!"

ఐలేశ్ చేతిలోంచి పంపు జారింది. పిలిచిండా అని అడగలేదు. తమ్ముడికి ఫోను కొట్టాడు, బందు. మరదలికి కొట్టాడు, ఎత్తలేదు. అంగీ తిరగేసి తొడుక్కొని తండాలో ఉన్న స్నేహితుడు బీక్యా ఇంటికి ఉరికాడు. బీక్యాకు జీపుంది, జీపుకన్నా పెద్ద గుండె ఉంది.

"బీక్యా, నీ రక్తం ఏంది?"

"ఎర్రగనే ఉంటది అన్నా."

"గ్రూపు అడుగుతున్నరా!"

"నన్ను ఏ గ్రూపుల కలపలే అన్నా."

నిరుడు గ్రూపులోంచి లేచిపోయిన మనిషి, ఆ పొద్దు గ్రూపు కోసం తండా అంతా తిరిగాడు. సంగతి విన్నవాళ్ళలో ఏడుగురు చేతిలో పని వదిలేసి జీపెక్కారు. ఒక్కరు కూడా ఎవరికి, ఎందుకు అనలేదు. ఐలేశ్ భార్య యాకమ్మ బొప్పాయి ఆకులు దంచి రసం తీసి సీసాలో పోసింది. ప్లేట్లు పెరగడానికి వాడలో అందరూ తాగిన మందే అది.

నర్సంపేట దాటింది జీపు. ఐలేశ్ రోడ్డును చూస్తున్నాడు గానీ కళ్ళకు రోడ్డు కనిపించడం లేదు. చిన్నప్పుడు ఇద్దరికీ ఒక్కటే కంచం. తమ్ముడు తన వైపున్న ముక్కను వేలితో మెల్లగా అన్న వైపు నెట్టేవాడు. అట్లాంటి తమ్ముడు ఒక బొమ్మ పంపాడని ఏడాది పాటు బొమ్మలా బిగుసుకుపోయాను కదా అనుకుంటూ తన నెత్తి మీద తానే మొట్టుకున్నాడు.

"అయిలోని మల్లన్నా, తమ్మిని నిలబెట్టు," అని మొక్కాడు. మళ్ళీ ఆలోచించి, "ఏసయ్యా, నువ్వు గూడ జర చూడు. ఇయ్యాల నీ పుట్టినరోజే గద, కాదనకు," అన్నాడు.

వెనక సీట్లో కొమురమ్మ ముక్కు చీదింది. "ఇద్దరికి మొక్కినవ్, మంచి పని చేసినవ్ కొడుకా."

ములుగు దాటి భూపాలపల్లి చేరి, ప్రాణహిత ఎక్కడని అడిగితే ఎవరో చూపించారు. ప్రాణానికి హితం చేసేది దవాఖాన కాక మరేమవుతుందని ఐలేశ్ నమ్మకం. గుమ్మానికి రంగు కాగితం చుక్క వేలాడుతోంది. లోపలి నుంచి మసాలా వాసన గుప్పుమంది.

"ఏంది అన్నా, ఈ దవాఖానల సూది మందుకు గూడ పోపు పెడ్తరా?" అన్నాడు బీక్యా.

ఐలేశ్‌కు అవేవీ పట్టలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటల్ యజమాని పోశయ్య మీదికి పోయినంత పనిచేశాడు. "జయపాల్ ఏ రూముల ఉన్నడు?"

"ఏసీల ఉన్నరన్నా. గిప్పుడే సూపు పోయింది."

"సూపు గూడ పోయిందా!" ఐలేశ్ గోడ పట్టుకున్నాడు. గూడూరులో కంటి చూపును కూడా సూపనే అంటారు మరి. "అయ్యో తమ్మీ!" అంటూ తలుపు తోసుకొని లోపలికి దూకాడు. వెనకాలే చొక్కా చేతులు మడిచిన ఎనిమిది మంది, వాళ్ళ వెనక ఆకురసం సీసాతో యాకమ్మ, ఏడుస్తూ కొమురమ్మ.

లోపల జనగామ వియ్యాలవారు బల్లల చుట్టూ కొత్తబట్టల్లో మెరుస్తున్నారు. వాళ్ళ నడుమ నెత్తిన బంగారు కాగితం టోపీ, చేతిలో సూపు గిన్నె పెట్టుకొని జయపాల్ నిక్షేపంలా కూర్చుని ఉన్నాడు.

"తమ్మీ, నేనొచ్చిన! నా రక్తం తీస్కో!" ఐలేశ్ మోచెయ్యి చాచాడు.

జయపాల్ చేతిలో గిన్నె ఒలికింది. "అన్నా... నువ్వొచ్చినవా?"

"ప్లేట్లు ఇరవైకి పడ్డయంటే రాకుంటనా?"

"పడ్డయి నిజమే. గా పోశయ్యనడుగు."

పోశయ్య చేతులు కట్టుకొని, "నా తప్పేం లేదన్నా. ఇంకో పార్టీ వచ్చిపడ్డది. వీళ్ళు నలభై ప్లేట్లు అడిగిన్రు, ఇరవైకన్న ఎక్కువ నాతోని కాదని చెప్పిన," అన్నాడు.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఐలేశ్ చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ముక్కు ఎర్రబడింది. తొంభై కిలోమీటర్లు ఏడ్చుకుంటూ వచ్చింది అన్నం ప్లేట్లకా! ఇంటిల్లిపాదికీ తెలిసిన ఆ కోపం వస్తే ఈ మనిషి వెనక్కి తిరిగి పోతాడని, ఈసారి పోతే ఇక రాడని కొమురమ్మకు తెలుసు. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

జయపాల్ కుర్చీ తోసుకొని వచ్చి, చాచిన ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. "నిరుడు నేనొచ్చి పిలువాల్సింది అన్నా. చేతిల ఫోనుందని కాళ్ళను మర్చిపోయిన. తప్పైంది."

ఐలేశ్ తమ్ముణ్ణి తల నుంచి కాలిదాకా చూశాడు. కళ్ళ కింది రెప్ప లాగి చూశాడు. నుదురు ముట్టి చూశాడు.

"జరం లేదా?"

"లేదన్నా."

"మంచిగున్నవా?"

"మంచిగున్న."

"అట్లనా..." ఐలేశ్ కళ్ళు తుడుచుకున్నాడు. "చాలు తమ్మీ. గంతకన్న నాకేం వద్దు. ఇగ కూసుంట, ఆకలైతాంది."

తర్వాత బీక్యాను, ఏడుగురినీ ఒక్కొక్కరినే భుజం పట్టి తమ్ముడి ముందు నిలబెట్టాడు. "వీళ్ళు నీ కోసం వచ్చిన్రు. మొఖం తెల్వకున్న రక్తమిస్తమని వచ్చిన్రు." జయపాల్ అందరికీ దండం పెట్టాడు.

పోశయ్య కళ్ళు కూడా తడిశాయి. వంటగదిలోకి కేకేశాడు. "ఇంకో దేగిస పెట్టున్రి! రక్తమియ్యొచ్చినోళ్ళకు రసమన్న పొయ్యకపోతే ఎట్ల? ప్లేట్లు లేకుంటే మాయె, విస్తర్లు తెప్పిస్త!"

విస్తర్లు వచ్చాయి, కుటుంబం విస్తరించింది. జనగామ వియ్యంకుడు యాకమ్మ సీసాలోది పుదీనా షర్బతనుకొని ఒక గ్లాసు పూర్తిగా తాగి, ఆ చేదుకు అరగంటసేపు చక్కెర డబ్బా వదల్లేదు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని తింటుంటే కొమురమ్మ ఒక్క ముద్ద కూడా ముట్టకుండా కడుపు నింపుకొంది.

అప్పుడు మొదలైంది అసలు విచారణ. ఈ గడబిడకు మూలమెవరు?

"నీ చెవులే అవ్వా," అన్నాడు జయపాల్.

"నా చెవులకేమైందిరా! ప్లేట్లెట్ల అన్నది నీ పెండ్లమే!"

అందరూ సౌందర్య వైపు తిరిగారు. సౌందర్య బడిలో తెలుగు చెప్పే టీచరు. తరగతిలో నిలబడ్డట్టే లేచి నిలబడింది.

"నేనన్నది 'ప్లేట్లు... ఎట్ల?' అని. ప్లేట్లు తక్కువ పడ్డయి, ఎట్ల చేద్దాం అని అడిగిన. చర్చి డప్పుల నడుమ గబగబ అన్న. రెండు మాటలు అతుక్కున్నయ్, ప్లేట్లెట్ల అయింది. దీన్నే మా పుస్తకంల ఉత్వ సంధి అంటరు."

"సంధి అంటే ఏందక్కా?" అన్నాడు బీక్యా.

"రెండు వచ్చి ఒక్కటైపోవుడు బీక్యన్నా."

బీక్యా అన్నదమ్ముల విస్తర్ల వైపు చూసి, అర్థమైందన్నట్టు తలూపాడు.

ఐలేశ్‌కు మాత్రం ఇంకా ఒక అనుమానం మిగిలింది. "అయితే మరదలా, ఇయ్యాల ఎవలకు ఏం పడిపోలే?"

"పడిపోయింది బావా," అంది సౌందర్య, మూలనున్న జనగామ వాళ్ళకు కూడా వినబడేట్టు. "ప్లేట్లు చివర ఉకారం. గదొక్కటే."