నాలుగు పాయింట్ల గొప్ప

మోకాళ్ల నొప్పికి కొత్త వ్యాయామం కనిపెట్టాననుకున్న నాటినుంచీ డాక్టరు గారి కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఏడాదిలో రిటైరవుతున్నాడు. ఆలోగా ఆ వ్యాయామం తన పేరుతో ఆసుపత్రులన్నిటా వాడుకలోకి రావాలని ఆయన కోరిక. దానికి ట్రయల్ జరగాలి. రోగుల్లో సగంమందికి పాత వ్యాయామం, సగంమందికి కొత్తది చీటీలు తీసి కేటాయించి, ఎవరికెంత తగ్గిందో చూడాలి.

ఆ లెక్కలు కట్టేది అదే ఆసుపత్రిలో స్టాటిస్టీషియన్‌గా ఉన్న ఆయన మరదలు. ఆవిడ మొట్టమొదటే "రెండింటికీ తేడా లేదు" అని పరికల్పన రాసేసరికి ఆయన ముఖం మాడిపోయింది. ముందు అలా అనుకునే మొదలుపెడతామనీ, అది నిలవదని ఫలితాలే చూపించాలనీ సర్దిచెప్పింది. నొప్పిని పది పాయింట్లకు లెక్కేస్తే, పాతదానికంటే కొత్తది ఎన్ని పాయింట్లు ఎక్కువ తగ్గిస్తుందని అడిగింది.

"నాలుగు," అన్నాడు.

నిజానికి అంత తగ్గిందన్నవాళ్లు ఇద్దరే. అందులో ఒకరు ఆయన భార్య. ఆయన అడిగిన తీరు చూసి, ఇంట్లో గొడవెందుకని ఒప్పేసుకుంది.

మరదలు ఒకటిన్నర అనుకుందామంది. చిన్న తేడా బయటపడాలంటే ఎక్కువమంది కావాలి, అంటే నూట ముప్పై. నాలుగనుకుంటే ఇరవైమంది చాలు. నూట ముప్పైమంది పోగయ్యేసరికి ఈయన ఇంట్లో పేపరు చదువుకుంటూ ఉంటాడు.

"ఇరవైమందితో చేస్తే, ఒకటిన్నర తేడా నిజంగా ఉన్నా మనకి తెలియకపోవచ్చు బావగారూ."

"నాది ఒకటిన్నర సరుకా?" అన్నాడాయన.

ఇరవైమందితోనే చేశారు. తేడా సరిగ్గా ఒకటిన్నర వచ్చింది. ఇంత తక్కువమందిలో ఆ మాత్రం తేడా ఊరికే కూడా రావచ్చనీ, కొత్తది మేలని రుజువు కాలేదనీ ఆసుపత్రి మీటింగులో చదివారు. డాక్టరు గారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఇంతకీ పనిచేస్తుందా లేదా అని బయటికొచ్చాక మరదలిని అడిగాడు. చేస్తుందనీ తేలలేదు, చెయ్యదనీ తేలలేదు అంది. ఆయనకు తనమీద తనకే ఒళ్లు మండింది. ఇరవైమంది కుంటుకుంటూ వచ్చి, చెప్పినట్టల్లా వంగి లేచారు. తను గొప్పకు పోయి, వాళ్ల శ్రమంతా బూడిదలో పోశాడు.

మర్నాడు ఓపీలో ఒక ముసలావిడ, ఈ కొత్త వ్యాయామం చేస్తే తగ్గుతుందా అని అడిగింది. తప్పకుండా అనడం ఆయనకు నోటికొచ్చిన పాఠం. ఆ రోజు మాత్రం నోరు రాలేదు.

"తగ్గేలాగే ఉందమ్మా. కచ్చితంగా నాకూ తెలీదు."

"మీకే తెలీకపోతే ఎట్లాగండీ, కనుక్కోకూడదూ?" అంది ఆవిడ, అమాయకంగానే.

ఆవిడ వెళ్లగానే మరదలికి ఫోను చేసి, ఒకటిన్నరే వేసి నూట ముప్పైమందికి మళ్లీ కాగితాలు తయారు చెయ్యమన్నాడు. అది పూర్తయ్యేసరికి ఆయన ఉద్యోగంలో ఉండడనీ, పేరు ఇంకెవరిదో పడుతుందనీ ఆవిడ గుర్తుచేసింది.

"పడనీలేమ్మా," అన్నాడు. "నా పేరు చూసి ఎవరికీ మోకాలి నొప్పి తగ్గలేదుగా."