మెడ మీది రంగు

కొలబద్దను శవం చెవి పక్కన ఆనించి నెకులాయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. గొడ్డలి వెనకవైపు మొద్దు తగిలిన చోట పుర్రె లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని చుట్టూ జుట్టు నెత్తురుతో గడ్డకట్టి పెచ్చులు కట్టింది. నల్ల పట్టీ ఉన్న కెమెరాతో ఒక ఫోటో తీశాడు. అదే దూరం నుంచి, అదే దీపం కింద, బూడిదరంగు పట్టీ ఉన్న కెమెరాతో ఇంకొకటి తీశాడు. తర్వాత కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, రెండు కెమెరాలనూ ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని, ఒకే గాయాన్ని మార్చి మార్చి చూశాడు.

"ఏంటన్నా, పిల్లను ఎంచుతున్నావా? నింపాదిగా చూసుకో. వీడికేం తొందర లేదులే," అన్నాడు గీత్సా. శవాలు కోసే గదిలో అతను సహాయకుడు. చేతిలో రంపం పట్టుకుని కూడా ఈలవేసే రకం.

"తొందర లేదు, చెమట లేదు, ఫోటో ఏదీ చూపించు అనడు. ఇంత మంచి బేరం పెళ్ళిళ్ళలో నాకు ఒక్కటి తగల్లేదురా," అన్నాడు నెకులాయ్.

బల్ల మీదివాడు పొలం గట్టు దగ్గర తమ్ముడి చేతిలో చచ్చాడు. ఫిబ్రవరిలో, మోకాలి లోతు మంచులో, గట్టు ఎక్కడుందో దేవుడికైనా కనిపించని రోజుల్లో, జానెడు నేల కోసం. మా రాకోవెనిలో ఇదేమీ వింత కాదు. శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి ఒకడు బల్ల మీద లేకపోతేనే గీత్సా, ఊరికి ఒంట్లో బాగోలేదా అన్నట్టు అటూ ఇటూ చూస్తాడు.

నెకులాయ్ ఆ వైద్య న్యాయ కార్యాలయంలో ఫోటోలు తీస్తాడు. యాభై తొమ్మిదేళ్ళు, వంగిన భుజాలు, వేళ్ళ చివర్లు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు రొట్టెల కొట్టు పక్కన అతనికి సొంత స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళకు అతను ఫోటోలు తీస్తే, భార్య ఆగ్లాయా వీడియో తీసేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి అంతకు ముందే స్టూడియో మూతపడింది. మొటిమలు చెరపడం, కళ్ళ కింద నలుపు తీసెయ్యడం, తాగి ఉబ్బిన పెళ్ళికొడుకు మొహాన్ని మనిషి మొహం చెయ్యడం, ఇదీ అతను జీవితమంతా నేర్చిన విద్య.

ఆ విద్యే రెండేళ్ళ క్రితం కొంప ముంచింది. దవడ కమిలిన ఒకామెకు ఫోటో తీస్తూ, పాత కెమెరాలో చర్మం నునుపు చేసే ఏర్పాటు ఆపడం మర్చిపోయాడు. న్యాయమూర్తి ఆ ఫోటో చూసి, "ఇదేముంది, కాస్త ఎర్రబడింది, అంతేగా," అన్నాడట. మొగుడు ఆమెతో ఒకే బస్సులో ఇంటికి వెళ్ళాడు. ఆ వారమే ఆమెకు నాలుగు పళ్ళు పోయాయి. ఈసారి మళ్ళీ నెకులాయే ఫోటో తీశాడు. ఆమె నోరు తెరిచి, ఒక్క మాట కూడా అనకుండా అతని వంక చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

ఆ పాత కెమెరా జనవరిలో చచ్చింది. పైనుంచి కొత్త ఆదేశం కూడా వచ్చింది. దెబ్బలు తిన్నవాళ్ళకు ఫోటోలతోపాటు వాళ్ళ మాటలు కూడా మధ్యలో తెగకుండా వీడియో తియ్యాలి. డబ్బు మాత్రం ఒక్క కెమెరాకే వచ్చింది. నగరంలోని దుకాణం వాళ్ళు మిర్రర్‌లెస్ అనే కొత్తరకం కెమెరాలు రెండు వారం రోజులకు ఇచ్చారు. రెండూ రెండు పనులూ చేస్తాయట. తనూ ఆగ్లాయా కలిసి చేసిన పనిని ఒక యంత్రం చేస్తుందంటే నెకులాయ్‌కి నమ్మబుద్ధి కాలేదు. ఏది కావాలో, ఎందుకు కావాలో, ఈ సాయంత్రం నాలుగింటికల్లా రాసివ్వాలి.

"నల్లదే రాసెయ్యండి నెకులాయ్ గారూ. వీడియోలో నేనే నలభైకి తగ్గాను!" అంది డాక్టర్ స్త్రాతులాత్. కార్యాలయానికి ఆవిడే పెద్ద. మంచి మనిషి, కాకపోతే అన్నీ తొందరగా తేలిపోవాలి.

"అదే నా భయం డాక్టరుగారూ," అన్నాడు నెకులాయ్.

పదింపావుకు జెనోవియా వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. మెడకు ఉన్ని రుమాలు రెండు చుట్లు చుట్టుకుంది. మాట్లాడితే గొంతు ఇసుక రాసుకున్నట్టు వస్తోంది. ముందురోజు మొగుడు ఆమెను వంటింటి గోడకు ఆనించి గొంతు నులిమాడు. వదిలాడు. మళ్ళీ నులిమాడు. అలా మూడుసార్లు.

"ఎన్ని రోజులు వేస్తారండీ?" అని అడిగింది ముందుగానే.

మా ఊళ్ళో అందరూ అడిగేది అదే. వైద్యానికి ఎన్ని రోజులు పడుతుందో డాక్టరు కాగితం మీద రాస్తుంది. ఆ అంకెను బట్టే మగాడి నేరం ఎంతో తేలుతుంది. రోజులు తక్కువ పడేలా కొట్టడం తెలిసినవాణ్ణి మా సారా కొట్లలో తెలివైనవాడంటారు. థూ.

"ఈ కాగితం, ఫోటోలు పట్టుకెళ్ళి కోర్టు కిటికీలో ఇవ్వాలండి. ఇస్తే వాడు ఇంటి దరిదాపులకు రాకుండా ఇవాళే ఉత్తర్వు వేస్తారంట. శుక్రవారం ఒంటిగంటకు కిటికీ మూసేస్తారు. ఇవాళ వాడు గుమస్తాగిరీకి పట్నం వెళ్ళాడు, మూడింటి బస్సుకు దిగుతాడు. వచ్చేలోపు అయిపోవాలి," అంది జెనోవియా.

"అయిపోతుంది తల్లీ. బోలెడు టైముంది," అన్నాడు నెకులాయ్.

ఆమె రుమాలు విప్పింది. అతను నల్ల పట్టీ కెమెరా ఎత్తాడు. దాని ఫోకస్ ఠక్కున ఆమె కళ్ళను పట్టుకుంది. మెడ మీదికి తిప్పితే మళ్ళీ కళ్ళ మీదికే పోయింది. తీసిన ఫోటోలో జెనోవియా చక్కగా ఉంది. మెడ గులాబీ రంగులో, చలిలో నడిచొచ్చిన ఆడపిల్ల మెడలా ఉంది. నెకులాయ్‌కి ఒళ్ళు మండింది. దాన్ని పక్కన పడేసి బూడిద పట్టీది తీశాడు. బరువైనది, మొండిది, కానీ తెర మీద ఉన్నదున్నట్టు చూపించింది. ఎడమవైపు నాలుగు వేళ్ళు, కుడివైపు బొటనవేలు, నీలం, దాని అంచున ఊదా, గోరు దిగిన చోట సన్నని ఎర్ర నెలవంక. "ఇదీ!" అన్నాడు పైకే. అతనికి సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంతోషమే, అయినా వేసింది.

"గడ్డం కొంచెం పైకమ్మా."

"మా పెళ్ళిలోనూ ఇదే అన్నారండీ మీరు," అంది జెనోవియా.

అతనికి గుర్తులేదు. అన్ని పెళ్ళిళ్ళలోనూ అనేవాడు.

వీడియో కూడా బూడిద దానితోనే మొదలుపెట్టాడు. డాక్టరు అడుగుతోంది, జెనోవియా చెబుతోంది. రెండోసారి నులిమినప్పుడు నేల మీద బంగాళాదుంపలు దొర్లుతుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టానంది. మూడోసారి కళ్ళముందు నల్లబడింది, మా పాప పక్కగదిలో పాట పెద్దగా పెట్టుకుంది, అని చెబుతుండగా కెమెరా కిర్రుమని ఆగిపోయింది. దీపాల వేడికీ గదిలో పొయ్యి వేడికీ అది కాగిపోయింది. పంతొమ్మిది నిమిషాలు గంగలో కలిశాయి.

"నల్లదాంతో కానిచ్చెయ్యండి," అంది డాక్టరు.

"దాంట్లో మెడ కనిపించదండీ. వద్దు. ఫోటోలో ఒక రంగూ వీడియోలో ఒక రంగూ ఉంటే వాడి వకీలు నవ్వుతాడు." నెకులాయ్ కిటికీ తెరిచి, కెమెరాను గట్టు మీద మంచులో ఆనించి పెట్టాడు. "చల్లారాలి. ఐదు నిమిషాలు."

"ఒంటిగంటకు మూసేస్తారండీ," అంది జెనోవియా.

"ఐదు నిమిషాలమ్మా. నీ మంచికే."

పావుగంట పట్టింది. ఆమె మొదటి నుంచీ చెప్పింది. మళ్ళీ గోడ, మళ్ళీ బంగాళాదుంపలు. ఈసారి ఏడవలేదు. గోడ గడియారం వంక చూస్తూ గబగబా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కెమెరా పదిహేడో నిమిషంలో మళ్ళీ ఆగింది. నెకులాయ్ దాన్ని మళ్ళీ మంచులో పెట్టాడు. రెండేళ్ళనాటి ఆ నోరు, ఆ నాలుగు పళ్ళు లేని నోరు అతనికి కళ్ళముందు ఆడుతోంది. ఈసారి తప్పు జరగకూడదు. రంగు సరిగ్గా రావాలి, రంగు వస్తే చాలు, ఇంకేదైనా సర్దుకుంటుందని అతని నమ్మకం.

"నెకులాయ్ గారూ, పంపించెయ్యండి ఆమెను," అంది డాక్టరు.

"ఇంకొక్కసారి. దీపం ఒకటి ఆపేస్తాను, వేడెక్కదు. తల్లీ, ఇంకొక్కసారి, సరేనా?"

జెనోవియా మళ్ళీ గడియారం వంక చూసింది. మూడోసారి కూడా చెప్పింది. సరిగ్గా మూడుసార్లు. ఈసారి చివరిదాకా వచ్చింది.

ఫోటోలు అచ్చువేసి, కాగితం ముద్రకొట్టి, కవరులో పెట్టి ఇచ్చేసరికి పన్నెండూ యాభై. కోర్టు రైలుగేటు అవతల ఉంది. "పరిగెత్తమ్మా, అందుతుంది!" అన్నాడు నెకులాయ్. ఆమె రుమాలు కూడా చుట్టుకోకుండా గడ్డకట్టిన దారి మీద జారుతూ పరిగెత్తింది. అతను కిటికీలోంచి చూశాడు. గేటు దించి ఉంది. సరుకుల బండి ఒకటి నత్తలా పోతోంది. అందుతుందిలే అనుకున్నాడు.

తర్వాత మధ్యాహ్నం భోజనం చేశాడు. చల్లారిన మొక్కజొన్న సంకటి, ఉప్పేసిన పందికొవ్వు, ఊరబెట్టిన క్యాబేజీ. కడుపు నిండింది, మనసూ నిండింది. ఇన్నేళ్ళలో ఇవాళ ఒక పని సరిగ్గా చేశానని అనిపించింది. కాగితం తీసి రెండు పేజీలు రాశాడు. బూడిద పట్టీది కొనాలి. వేడెక్కుతుంది, నిజమే. మంచులో పెడితే చల్లారుతుంది. నల్లది ముఖాలను బాగు చేస్తుంది, మన పని ముఖాలను బాగు చెయ్యడం కాదు. ఆఖరి వాక్యం రాసి, దాన్ని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

నాలుగుకు ఇంకా పది నిమిషాలుండగా గీత్సా తలుపు తీశాడు. ఈల వెయ్యడం లేదు.

"అన్నా, ఒకసారి రా. కెమెరా పట్టుకురా."

బల్ల మీద జెనోవియా ఉంది. బూట్ల మీది మంచు ఇంకా కరగలేదు.

"బడి దగ్గర మొగుడికి దొరికింది. పాపను వేళకు ముందే తీసుకెళ్ళడానికి పోయింది. వాడు పట్నం పోనేలేదంట, పొద్దుట్నుంచీ వెతుకుతున్నాడంట. పాప అప్పటికింకా బయటికి రాలేదులే, పంతులమ్మ లోపలే పట్టుకుంది," అన్నాడు గీత్సా. "కోర్టు కాడ కాపలావాడు చెప్పాడంట. ఒంటిగంటా ఎనిమిదికి వచ్చి తలుపు కొట్టిందంట. సోమవారం రమ్మన్నారంట."

నెకులాయ్ ఎనిమిది నిమిషాలు అని గొణిగాడు. ఐదు నిమిషాలమ్మా, ఐదు నిమిషాలమ్మా. ఎన్నిసార్లు అన్నాడో అతనికి లెక్క తెలియలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు. అతనికి వాంతి వచ్చింది. గీత్సా బాల్చీ అందించి, అటు తిరిగి నిలబడ్డాడు.

డాక్టర్ స్త్రాతులాత్ చేతి తొడుగులు వేసుకుంటూ వచ్చింది. బల్ల మీద ఎవరో చూసి, ఆమె కూడా ఒక నిమిషం తల దించుకుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "దుకాణం వాళ్ళు ఫోన్ చేస్తున్నారు. ఏదని చెప్పమంటారు?" అంది మెల్లగా.

"ఏదైనా ఒకటే డాక్టరుగారూ," అన్నాడు నెకులాయ్. "ఇప్పుడు రెండింట్లోనూ కనిపిస్తుంది."

చేతికి దొరికిన కెమెరాతో మెడ ఫోటోలు తీశాడు. ఏ పట్టీదో చూసుకోలేదు. తర్వాత ఆమె దగ్గర దొరికిన వస్తువులు ఒక్కొక్కటే తెల్ల గుడ్డ మీద పరిచి, పక్కన కొలబద్ద పెట్టి, తీశాడు. తాళంచెవి. విప్పని కవరు. కోటు లోపలి జేబులో మందుల దుకాణం సంచీ ఒకటి ఉంది. గీత్సా దాన్ని గుడ్డ మీద బోర్లించాడు. పళ్ళు తోముకునే బ్రష్షులు రెండు పడ్డాయి, ఒకటి పెద్దవాళ్ళది, ఒకటి పిడి మీద కప్ప బొమ్మ ఉన్న చిన్నది, రెండూ ఇంకా అట్టలోంచి తియ్యనివి.