అవ్వ చూడని చెయ్యి

నీళ్లు బాగా కాగాయి. కుంకుడు రసం ఘాటుగా ఉంది. పీట మీద కళ్లు మూసుకుని కూర్చుంది సృజన.

అవ్వ చెంబుతో పోస్తోంది. కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తుంది సృజన.

ఒక చెంబు... ఇంకో చెంబు...

ఎడమ రెట్ట దగ్గరికి వచ్చేసరికి అవ్వ చెయ్యి ఆగింది. అక్కడ వేళ్ల గుర్తులు, కమిలిపోయి, నల్లగా ఉన్నాయి. వాటి మీద పసుపు అద్దింది అవ్వ. మెల్లగా ఊదింది. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే ఊదినట్టే ఊదింది.

"అంత పోతది బిడ్డా," అంది.

నిజమే. అంతా పోయింది. తూములోంచి పెరట్లోకి, పెరట్లోంచి మోరీలోకి పోయింది. ఆ బట్టలు కూడా అప్పుడే సర్ఫులో నానాయి. తెల్లారేసరికి దండెం మీద ఆరిపోయాయి. ఆ పూట అవ్వ మీద ఎంత ప్రేమ పొంగిందో! అవ్వ ఉంది కదా, ఇంకేం కావాలి అనుకుంది సృజన.

పిచ్చి పిల్ల.

ఆ రోజు మధ్యాహ్నమే, అవ్వతో సహా ఊరంతా పెళ్లికి పోయినప్పుడు, వచ్చాడు ఉజ్వల్. మేనమామ కొడుకు. కాగజ్‌నగర్ నుంచి ధర్మపురికి అతను రావడం కొత్తేమీ కాదు. బావ వస్తే తలుపు తియ్యకుండా ఎవరుంటారు? తీసింది. మంచినీళ్లు ఇచ్చింది. తర్వాత వద్దంది. వద్దని అరిచింది. వీధిలో బ్యాండు మోగుతోంది...

ఇంతకన్నా ఇక్కడ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సిన చోట ఆమే చెప్పింది, ఒక్క మాట దాచకుండా. మొట్టమొదట అవ్వకే చెప్పింది.

అవ్వ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని తన అన్నకు ఫోన్ చేసింది.

"మామ వస్తడు. వచ్చినంక మాట్లాడుదాం. అప్పటిదాంక నోరు తెరువకు."

మామ రాలేదు. రేపన్నాడు. ఎల్లుండన్నాడు. అమావాస్య పోనియ్యమన్నాడు. రెట్ట మీది నలుపు పసుపైంది... పసుపు మామూలు చర్మమైంది. అప్పుడు దిగాడు మామ కొండల్‌రావు, పండ్లతో, పట్టుచీరతో.

"వరసైనోడే కదనే. ఎట్లయినా చేసుకునేటోడే. జర తొందరపడ్డడు. శ్రావణంల ముహూర్తం పెట్టుకుందాం."

తొందరపడ్డాడట! బస్సు కోసం ఉరికినవాణ్ని అంటారు ఆ మాట.

సృజన అవ్వ వైపు చూసింది. అవ్వ ఆ పట్టుచీర అంచు తడిమి చూస్తోంది.

బాపు పోయాక ఆ ఇంటికి మామే దిక్కు. కౌలుదార్లతో మాట్లాడేదీ ఆయనే, కష్టానికి సుఖానికి నిలబడేదీ ఆయనే. అవ్వకు పుట్టిల్లంటే ఆ అన్న ఒక్కడే. అదంతా సృజనకు తెలుసు. తెలిసినా ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే కరీంనగర్ బస్సెక్కింది. ఒక్కతే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసింది. చెయ్యి వేసే ముందు ప్రతిసారీ అడిగింది. ఏమీ దొరకలేదు. ఎట్లా దొరుకుతుంది?

"అంటే... నేను అబద్ధం చెప్పినట్టా మేడం?"

"కాదమ్మా. ఇన్ని రోజులైనంక గాయం కనవడదు. గాయం లేదంటే జరగలేదని కాదు. నేను గట్లనే రాస్త."

మహిళా సహాయ కేంద్రం నుంచి అజ్రా వచ్చింది. నడివయసు మనిషి. ఠాణాకు కూడా తనే వెంట నడిచింది.

"ఫికర్ చెయ్యకు బేటా. నీ మాటే సాక్ష్యం. మీ అవ్వ చూసింది కద, ఆమె సుత చెప్తే ఇంకింత బలం."

అవ్వ చెప్తుంది. అవ్వ తప్పకుండా చెప్తుంది... సృజన ఆ మాట పట్టుకుని కూర్చుంది.

అవ్వ వచ్చింది. మామ కారులో ఠాణాకు వచ్చింది.

"తానం పోసినప్పుడు పిల్ల ఒంటి మీద దెబ్బలు చూసినవా అమ్మా?" ఎస్సై మేడం మెత్తగానే అడిగింది.

కిటికీ అవతల వేపచెట్టు. ఒక్క ఆకూ కదల్లేదు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేం చూడలే మేడం. దాని తానం అదే చేసింది."

చూడలే...

పసుపు అద్దిన అవ్వ. ఊదిన అవ్వ. ఆ నోటితోనే ఈ మాట.

బావ కొట్టిన దెబ్బ ఎక్కడ తగిలిందో సృజన చూపించగలదు. ఇది ఎక్కడ తగిలిందో ఆమెకే తెలియలేదు. ఏడుపు రాలేదు.

అజ్రా ఊరుకోబెట్టలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నువ్వు చెప్పింది నమ్మిన. ఇప్పుడు సుత నమ్ముతున్న," అంది, అవ్వకు వినపడేలా.

బయటికి వచ్చారు. పొద్దుటి వానకు మెట్లు ఇంకా తడిగా ఉన్నాయి. సృజన జారబోయి గోడ పట్టుకుని నిలబడింది. ఎడమ పక్కన ఉన్న అవ్వ పట్టుకోబోయింది. చెయ్యి ఎడమ రెట్ట దాకా వచ్చింది...

తాకలేదు.

అవ్వ వెనక నుంచి చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. కుడి రెట్ట పట్టుకుంది. మెత్తగా, జాగ్రత్తగా పట్టుకుంది.

సృజన ఆ చేతిని చూసింది. అజ్రా కూడా చూసింది.

"ఏ చేతికి తగిలిందో నేను చెప్పలే. చూడకుంటే నీకెట్ల తెలుసు అవ్వా?" అంది సృజన.

అవ్వ చెయ్యి వదిలేసింది.

కింద కారులోంచి మామ హారన్ కొట్టాడు. అవ్వ కారు వైపు చూసింది. బిడ్డ వైపు చూసింది. పెదవులు కదిలాయి...

మామ ఇంకోసారి హారన్ కొట్టాడు.