రెండు గంటల మందు

నలభై ఆరో చొక్కాకి మెడ గుండీ కుట్టి, దారం పంటితో తెంపింది కోడలు. ఎత్తు స్టూలు మీద, ఎడమ తుంటికి బరువు తగలకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుందామె. కింద కూర్చునే భాగ్యం మూడేళ్ల కిందటే పోయింది, కుట్టు కంపెనీలో సరుకుల లిఫ్టు తెగిపడిన రోజున. తుంటిలో ఇనుప కడ్డీ వేశారు. నొప్పికి మాత్రలు రాశారు.

నొప్పి తగ్గినా మాత్రలు మానలేకపోయింది. మాత్రలు చాలక సూదుల్లోకి దిగింది. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చివరికి అత్తగారి దుద్దులు కూడా. ఆస్పత్రిలో చేర్చి మాన్పించిన ఆ పన్నెండు రోజులూ పక్కన కూర్చున్నది మళ్లీ ఆ అత్తగారే. వణికే కాళ్లు ఒళ్లో పెట్టుకుని, "నా దుద్దులు మింగావుగా, అరగాలంటే ఆ మాత్రం అవస్థ ఉంటుందిలే" అనేది.

అది జరిగి పద్నాలుగు నెలలు. ఇప్పుడు మంచాన పడింది అత్తగారు. కడుపులో రాచపుండు. ఇక చేసేదేమీ లేదని, నొప్పి తెలియకుండా తాగించమని ఒక సీసా ఇచ్చి పంపేశారు డాక్టర్లు. అందులో ఏముందో తెలుసుకోవడానికి కోడలికి చీటీ చదవాల్సిన పని లేకపోయింది.

మొగుడు బస్సు డ్రైవరు. సీసా బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని డ్యూటీకి పోయేవాడు. మందేమో నాలుగు గంటలకోసారి పడాలి. అతను తిరిగొచ్చేసరికి ముసలామె దిండు కొరుక్కుంటూ ఉండేది. నాలుగో రోజున కొడుకుని దగ్గరికి పిలిచింది.

"తాళాలు దానికియ్యరా. నొప్పంటే ఏంటో ఈ ఇంట్లో దానికొక్కదానికే తెలుసు."

ఇచ్చాడు. కానీ సీసాలో మందు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గుర్తు పెట్టి మరీ ఇచ్చాడు. కోడలు ఆ గుర్తు చూసింది.

ఇవాళ పది గంటలకి మందు తాగించింది. సీసా చేతిలోకి తీసుకుంటే చాలు, నోట్లో నీళ్లూరతాయి, తుంటి తనంతట తానే సలపడం మొదలెడుతుంది. గబగబా సీసా లోపల పెట్టేసి, తాళంచెవి అత్తగారి దిండు కింద దోపి, తడిగుడ్డతో ఆమె ఒళ్లు తుడిచింది.

"తాగాలనిపిస్తోందే?" అంది అత్తగారు, కళ్లు తెరవకుండానే.

"రోజూ అనిపిస్తుంది అత్తయ్యా."

"నాకూ పోవాలనిపిస్తోంది. ఇంకాసేపు ఓర్చుకుందాంలే ఇద్దరం."

కోడలు మళ్లీ చొక్కాల దగ్గరికి వెళ్లింది.

రెండు గంటలకి దిండు కింద చెయ్యి పెడితే అత్తగారు కదల్లేదు. నిద్రనుకుంది. కొలత మూత నిండా మందు పోసి తెచ్చి, తల కింద చెయ్యి వేసి లేపబోతే మెడ పక్కకి వాలిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపు పెట్టి చూసింది.

మూత ఇంకా చేతిలోనే ఉంది. వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు, స్టార్టు కావడం లేదు. అత్తగారు మందు తాగాకే పోయిందంటే కాదనేవాళ్లు లేరు. సీసాలో లెక్కా సరిపోతుంది. తుంటి నిలువునా కోస్తోంది. మూత పెదాల దాకా తెచ్చింది కూడా. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియదు.

తర్వాత చేతిలోది పక్కన పెట్టి, అత్తగారి నోరు మూసి, దుప్పటి సర్ది, మొగుడికి ఫోను చేసింది.

అతను యూనిఫాంతోనే వచ్చాడు. గుమ్మంలో ఆగి, మంచం వైపు కాక ముందు ఆమె కళ్లలోకి చూశాడు. పద్నాలుగు నెలలుగా ఇంటికి రాగానే అలాగే చూస్తున్నాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"రెండు గంటల మందు తాగలేదు అత్తయ్య," అంది.

అతను తల దించుకుని వెళ్లి, తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

కిటికీ గట్టు మీద ఆ చిన్న మూత, అంచుదాకా మందుతో, తొణక్కుండా ఉంది.