వరండా బెంచీ

బస్సు వెనక చక్రాల దగ్గర వంగి, పైపు మూతిని బొటనవేలితో సగం మూసి అతను నీళ్లు చిమ్మాడు. బురద పెచ్చులుగా ఊడి కాళ్ల మీద పడింది. పొద్దుటి నుంచి ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంది. చన్నీళ్ల వల్లే అనుకుని తొడకేసి రుద్దుకున్నాడు.

"పైపన్నా, నీళ్లు బస్సు మీద పోస్తున్నావా, నీ మీదా?" డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"చెమటయ్యా బాబూ. కూర్చుని తిప్పేవాడివి, నీకేం తెలుస్తుంది!"

డిపోలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తాగొచ్చి, కడగాల్సిన బస్సులోనే పడి నిద్రపోయిన సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. ఇప్పుడు తాగడం లేదు. పని దిగాక బడి మైదానానికి వెళ్తాడు. అక్కడ అతనిలాంటి వాళ్లే ముందు మైదానం చుట్టూ గబగబా నడిచి, తర్వాత బూట్లు వరండాలో విడిచి, ఒక గదిలో గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. నడక మొదలుపెట్టాక అతని చేతుల వణుకు తగ్గింది. నిద్ర పడుతోంది. అన్నం రుచి తెలుస్తోంది.

ఆ సాయంత్రం మాట్లాడే వంతు అతనిది. వినడానికి మొదటిసారి వస్తానని పొద్దున్న భార్య అంది.

"నేనొస్తున్నానని ముందే చాటింపు వెయ్యకు. రాకపోతే నీ పరువు పోతుంది."

"ఉంటే కదే, పోవడానికి!"

ఆమె నవ్వు ఆపుకుంది. ఆ ముఖమే తలుచుకుంటూ అతను మైదానానికి వచ్చాడు.

నడకలో కాళ్లు తడబడ్డాయి. ముఖమంతా చెమట. నాలుక మందంగా తిరిగింది. నడిపించే మాస్టారు అతని భుజం పట్టుకున్నారు.

"ఏరా, మళ్లీ మొదలెట్టావా?"

"లేదు మాస్టారూ... కాస్త..."

అక్కడున్న ప్రతివాడూ ఒకప్పుడు సరిగ్గా అలాగే 'లేదు' అన్నవాడే. అందుకే ఎవరూ నమ్మలేదు. నోరు వాసన చూపించుకుని ఇంట్లో పడ్డ అవమానం చాలని, ఇక్కడ ఎవరూ ఎవరి నోరూ వాసన చూడకూడదని వాళ్లే నియమం పెట్టుకున్నారు. తాగి వచ్చినవాణ్ణి తిట్టరు. వరండాలో బెంచీ మీద కూర్చోబెడతారు, అంతే.

అతన్నీ కూర్చోబెట్టారు. కాసేపు ఆగితే తగ్గుతుంది, అప్పుడు చెప్పుకోవచ్చు అనుకున్నాడు. లోపల ఎవరో మాట్లాడుతుంటే చప్పట్లు వినిపించాయి.

భార్య మెట్లెక్కి ఆగిపోయింది. ఆ బెంచీ ఎవరి కోసమో అతనే ఆమెకు ఇదివరకు చెప్పాడు.

"ఈ ఒక్కరోజైనా ఆగలేకపోయావా?"

అతను చెయ్యెత్తబోయాడు. అది లేవలేదు. ఆమె బెంచీ రెండో చివర కూర్చుని, ముఖం తిప్పుకుని, కొంగుతో కళ్లొత్తుకుంది. పక్కన అతను ఏదో సర్దుకుంటున్న అలికిడి కొంచెం సేపు వినిపించి, ఆగిపోయింది. నిద్రపోయాడనుకుంది. తాగినప్పుడు ఎప్పుడూ అంతే.

సమావేశం ముగిసి మాస్టారు బయటికొచ్చారు. "లేరా, ఇంటికెళ్లు," అని తట్టారు. గోడకానిన తల పక్కకి వాలింది.

ఆమె గబుక్కున అతని మీదికి వంగింది. పాత అలవాటు కొద్దీ నోటి దగ్గర ముక్కు పెట్టింది. అలాగే చాలాసేపు ఉండిపోయింది.

"ఏమీ లేదు మాస్టారూ," అంది. "ఏమీ తాగలేదు."

నలుగురూ కలిసి అతన్ని ఎత్తుకుని మెట్లు దిగారు.

బెంచీ కింద ఒక్క బూటు ఉండిపోయింది. లేసు విప్పి, చెమటకు తడిసిన మేజోడు పొందిగ్గా మడిచి అందులో పెట్టి ఉంది.